మేకను పట్టుకున్నవాడి పేరు

ఈ కథలో ఒక మనిషి పేరు రాదు. తెలియక కాదు, మరిచిపోయీ కాదు. పోయినవాళ్ల పేరు పైకి అనకూడదు. ఇంటివాళ్లు ఇక ఫరవాలేదు అనేదాకా ఆగాలి, వాళ్లు ఇంకా ఆ మాట అనలేదు. కాబట్టి ఆయన్ని నోరీన్ మేనమామ అనే చెప్పుకోవాలి. అదే పేరు పెట్టుకుని బతికున్నవాళ్లు వాళ్ల ఊరు క్లేపాన్‌లో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లనిప్పుడు అందరూ కుమంజాయి అని పిలుస్తున్నారు. పిలవకూడని పేరుకు బదులుగా, ఆస్ట్రేలియా ఆదివాసులైన వార్ల్‌పిరి మనుషులు వాడే మాట అది. అంతకుముందే వేరే చావు వల్ల కుమంజాయి అయినవాడు ఒకడున్నాడు. శనివారం ఫుట్‌బాల్ ఆటలో కుమంజాయీ అని కేకేస్తే ముగ్గురూ బంతి కోసం పరుగెత్తుతారు. నవ్వుకుంటారు గానీ పాత పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

నోరీన్ ఆ క్లేపాన్‌లోనే పుట్టింది. ఆలిస్ స్ప్రింగ్స్ పట్నం నుంచి ఎర్రమట్టి దారిలో టయోటా బండి మీద మూడు గంటలు, వాన పడితే మూడు రోజులు. తల్లి తొందరగా పోయింది. తల్లికి అక్క అయిన ఎట్టీ పెంచింది. తల్లి అక్క అంటే అక్కడ తల్లే కనుక, పెంచిందని ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోలేదు. మేనమామ ఎట్టీకి రెండేళ్లు చిన్న. పడుచు వయసంతా పశువుల మందల వెంట గుర్రం మీద గడిపి, తర్వాత నడుం విరగ్గొట్టుకుని, ఆ తర్వాత చక్కెర జబ్బుతో మూత్రపిండాలు పాడుచేసుకున్న మనిషి. నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు. ఆడామగా, చిన్నాపెద్దా అని చూడకుండా అందరినీ ఆటపట్టించేవాడు.

నోరీన్ పదహారేళ్లు ఊరి బడిలో సహాయ పంతులమ్మగా చేసింది. పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పడానికి ఆ బడివాళ్లే చిన్న చిన్న పుస్తకాలు అచ్చు వేసుకునేవాళ్లు. ఊళ్లో పెద్దలు చెప్పిన కథలు, వాళ్ల పేర్లు, వాళ్ల ఫోటోలు. ఎవరైనా పోయారంటే ఆ పుస్తకాలన్నీ బల్ల మీద కుప్ప పోసి నల్ల సిరా పెన్ను నోరీన్ చేతికిచ్చేవాళ్లు. పేరు కనబడిన చోటల్లా కొట్టేయాలి, ఫోటో మీద కాగితం అంటించాలి. నీటిగుంట కథ అని ఒకటుండేది. అందులోని ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. చివరికి అది పిల్లలు చదివే పుస్తకంలా లేదు, ఎవరో కోపంతో కొట్టేసిన పుస్తకంలా ఉంది. ఎన్నేళ్లకో ఇంటివాళ్లు సరే అన్నా, కొట్టేసిన సిరా వెనక్కి రాదు. ఆ పని నోరీన్‌కి పరమ అసహ్యం. పోయినవాళ్లను రెండోసారి తన చేత పాతిపెట్టిస్తున్నారని అనేది.

అందుకే పట్నంలో ఒక చిన్న భాషా కేంద్రంవాళ్లు, డిజిటల్ పుస్తకాలు చేయడానికి భాష తెలిసిన మనిషి కావాలని కబురు పెడితే, ముందూ వెనకా చూడకుండా వెళ్లిపోయింది. టైర్ల కొట్టు వెనక రెండు గదులు, ఒక ఏసీ, నాలుగు కంప్యూటర్లు. అక్కడ పని నేర్పింది గ్వెన్‌డా. అడిలైడ్‌లో ఒక అచ్చాఫీసులో పాతికేళ్లు పుస్తకాలు కూర్చి, రిటైరై, ఎండ కావాలని ఇక్కడికి వచ్చిన ముసలావిడ. మెచ్చుకోవడం ఆమె ఇంటావంటా లేదు.

మొదటి పుస్తకానికి నోరీన్ కథల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో, లావుగా, ముచ్చటగా పెట్టింది. గ్వెన్‌డా చూసి ఏమీ అనకుండా తెర ఆర్పేసి, చూపులేనివాళ్ల కోసం పుస్తకాన్ని పైకి చదివే గొంతును పెట్టింది. ఇప్పుడు మూడో కథకి వెళ్లమంది. వెళ్లడానికి దారి లేదు. గొంతు మొదటి పేజీ నుంచి ఊపిరి తీసుకోకుండా చదువుకుంటూ పోతోంది.

"లావుగా పెడితే కళ్లున్నవాళ్లకి తెలుస్తుందమ్మా. ఈ యంత్రానికేం తెలుసు? ఇది కథ పేరు, ఇది పాట, ఇది పేజీ అంకె అని దానికి నువ్వే చెప్పాలి. ఎలా కనబడుతోందని కాదు, ఏమిటని అడుగు" అంది గ్వెన్‌డా.

నోరీన్‌కి ఆ మాట మనసుకి పట్టింది. మిగతావాళ్లు విసుక్కుంటూ చేసే పనిని ఆమె ఇష్టంగా చేసింది. అక్షరాల వెనక, చదివేవాళ్లెవరికీ కనబడని చోట, ఒక్కొక్క ముక్కకీ అదేమిటో గుర్తు పెట్టాలి. ఇది శీర్షిక. ఇది వార్ల్‌పిరి మాట, దీన్ని ఇంగ్లీషులా చదవొద్దు. ఇది పాట, ఇక్కడ ఆగి చదువు. ఇలా చేస్తూ చేస్తూ ఒకరోజు ఆమెకి తట్టింది: మనిషి పేరుకి కూడా ఒక గుర్తు పెడితే? పేరుకీ, గొంతుకీ, ఫోటోకీ అన్నిటికీ ఫలానా మనిషిది అని గుర్తుంటే, ఆ మనిషి పోయిన రోజు ఒక్క మీట నొక్కి అన్నీ దాచేయొచ్చు. పేరు ఉన్న చోటల్లా కుమంజాయి అని వస్తుంది. ఇంటివాళ్లు సరే అన్నరోజు మళ్లీ ఒక్క మీట, అన్నీ తిరిగి వస్తాయి. నల్ల సిరా అక్కర్లేదు.

గ్వెన్‌డా వారం రోజులు ఆ ఆలోచనలో లోపాలు వెతికి, దొరక్క, బాగానే ఉందని గొణిగింది. ఒక్క హెచ్చరిక మాత్రం చేసింది. చూపులేనివాళ్ల కోసం ప్రతి బొమ్మ వెనకా ఒక వాక్యం రాస్తారు, బొమ్మలో ఏముందో చెప్పే వాక్యం. అది తెర మీద కనబడదు, చదివే గొంతుకి మాత్రమే వినబడుతుంది. ఆ వాక్యం లోపల ఏ గుర్తూ పెట్టడానికి కుదరదు. కాబట్టి అక్కడ పేర్లు రాయకు, ఎప్పుడూ రాయకు అంది. నోరీన్ ఆ సంగతి చీటీ మీద రాసి కంప్యూటర్ అంచుకి అంటించుకుంది.

ఊళ్లో నోరీన్ పరపతి పెరిగింది. క్లేపాన్ నుంచే కాదు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా ముసలివాళ్లు వచ్చి కథలు చెప్పిపోయేవాళ్లు. తాము పోయాక పేరేం చేస్తావని అడిగితే నోరీన్ మీట చూపించేది. కొంచెం గర్వంగానే చూపించేది.

ఎట్టీకి అప్పటికి చూపు పూర్తిగా పోయింది. పెద్దమ్మ కోసమే ఒక పుస్తకం చేయాలని నోరీన్ పట్టుబట్టింది. ఎట్టీ చిన్నప్పుడు క్లేపాన్ బోరు దగ్గర గాలిమర వేసిన నాటి కథలు, మేకలు కాచిన కథలు, తల్లి అడవి టమాటాలు ఎండబెట్టిన తీరు. సగం కథలు ఎట్టీ చెప్పింది, సగం మేనమామ చెప్పాడు. ఎట్టీ చెప్పినదాన్ని ఆయన, ఆయన చెప్పినదాన్ని ఎట్టీ అబద్ధమని కొట్టిపారేశారు. అది కూడా రికార్డయింది.

మేనమామకి వారానికి మూడుసార్లు పట్నంలో రక్తం శుద్ధి చేయించుకునే పని, అందుకని ఎక్కువ రోజులు అక్కడే బస. అది కాగానే రెండు వీధులు నడిచి కేంద్రానికి వచ్చి, ఏసీ కింద కుర్చీ లాక్కుని, నోరీన్ పని చేస్తుంటే వెనక నుంచి వ్యాఖ్యానం చేసేవాడు. ఒక గురువారం ఆమె గాలిమర ఫోటో దగ్గరుంది. ఆ చుట్టుపక్కల పశువులు పెంచే పెద్ద పొలం యజమాని ఎవరో ఎప్పుడో తీసిన నలుపు తెలుపు ఫోటో. నిండా గాలిమరే. కింద, గోరంత ప్రమాణంలో, ఒక పిల్ల, ఒక పిల్లాడు, ఒక మేక. ఆ ఇద్దరి మొహాలూ తెలియవు. అందుకని నోరీన్ ఆ ఫోటోకి మనిషి గుర్తు పెట్టలేదు, గాలిమర అని పెట్టింది.

"ఆ మేకను పట్టుకున్నది నేనే" అన్నాడు మేనమామ, తెర మీద వేలు పెట్టి.

తెలుసు మామా అంది నోరీన్.

"నీకు తెలిస్తే ఏం లాభం? అక్కకి తెలియాలి. దానికి కనబడదుగా. నా పేరు రాయవే కంప్యూటరమ్మా, ఇక్కడ నేనున్నానని దానికి వినబడాలి."

బొమ్మ వెనకుండే వాక్యంలో పేర్లు రాయకూడదని నోరీన్ చెప్పింది. చీటీ కూడా చూపించింది. ఆయన చీటీ వంక చూడలేదు.

"నేను పోయాక తీసేద్దువులే. పెద్ద మీట కనిపెట్టావని ఊరంతా చెప్పుకుంటున్నావుగా" అన్నాడు.

నోరీన్ నవ్వింది. ఆ రోజు ఆయన మొహం బూడిద రంగులో ఉంది, మణికట్టు దగ్గర కట్టు మీద రక్తం చుక్క ఉంది. అలాంటి మనిషిని కాదనడం ఎలా? రాసేసింది. ఆయన పేరు, ఎట్టీ పేరు, మేక, గాలిమర. తర్వాత సరిచేయొచ్చు అనుకుంది. ఎట్టీ ఆ పుస్తకం మొదటిసారి విన్నప్పుడు ఆ వాక్యం దగ్గర ఆపి మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. అందులో వాడున్నాడా, నిజంగా ఉన్నాడా అని పదిసార్లు అడిగింది. పక్కనే కూర్చున్న మేనమామ, నీ పక్కనే ఉన్నానే, మేకకి భయపడి నువ్వే దూరం జరిగావు అని ఏడిపించాడు. ఇక ఆ వాక్యాన్ని సరిచేయాలన్న ఆలోచన నోరీన్‌కి రాలేదు.

ఏడాదిన్నర తర్వాత ఆయన పోయాడు. పొద్దున కబురొచ్చింది. నోరీన్ క్లేపాన్‌కి బయల్దేరే ముందు కేంద్రానికి వెళ్లి, ఏడుస్తూనే మీట నొక్కింది. నూటపదకొండు చోట్ల పేరు దాచినట్టు, ఏడు ఫోటోలు, తొమ్మిది రికార్డింగులు దాచినట్టు తెర మీద వచ్చింది. ఇంతకాలానికి మా మామని నల్ల సిరా లేకుండా సాగనంపాను అనుకుంది. ఆ బాధలోనూ అదొక ఊరట. తాను స్వయంగా రాసిన ఆ వాక్యం ఆమెకి గుర్తు రాలేదు. గుర్తు లేని దాన్ని మీట వెతకదు.

క్లేపాన్‌లో చేయవలసినవన్నీ చేశారు. ఆయన ఉన్న ఇల్లు ఆకులతో ఊడ్చి, పొగబెట్టి, ఖాళీ చేశారు. ఊరి చివర దుప్పట్లు పరుచుకుని దుఃఖపు బసలో వారాల తరబడి కూర్చున్నారు. ఆయన భార్య, నోరీన్ అత్త, ఆచారం ప్రకారం మాట మానేసింది. ఏడాదో రెండేళ్లో ఆమె ఇక చేతి సైగలతోనే మాట్లాడాలి.

అయిదు నెలలకి ఎట్టీ తన పుస్తకం కావాలంది. పగళ్లు గడవడం లేదు, నా కథలు నేనే వింటాను అంది. తమ్ముడి గొంతు అందులో ఉంటుందేమోనని చుట్టూ ఉన్న ఆడవాళ్లు సందేహించారు. నోరీన్ వాళ్లందరికీ నచ్చజెప్పింది. అంతా శుభ్రం చేశాను, ఒక్కటి కూడా మిగల్లేదు, నా మాట నమ్మండి అంది. నమ్మారు. నోరీన్ మాట నమ్మకపోవడానికి వాళ్లకి ఏ కారణమూ లేదు.

మధ్యాహ్నం, కొమ్మల పందిరి కింద, ఎట్టీ ఒళ్లో ట్యాబ్ పెట్టింది. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లు, కొంచెం ఎడంగా అత్త. అడవి టమాటాల కథ అయింది. ఎట్టీ నవ్వింది, అయిదు నెలల్లో మొదటిసారి. నోరీన్ టీ కాచడానికి నిప్పు దగ్గరికి వెళ్లింది. తర్వాతిది గాలిమర కథ. దాని మొదట్లో ఆ ఫోటో.

తెల్లవాళ్ల యాసలో, ఆదరమూ దుఃఖమూ ఏమీ లేని ఆ ఆడగొంతు, ఆయన పేరు పూర్తిగా, స్పష్టంగా పలికింది. మేకను పట్టుకుని నిలబడ్డాడని చెప్పింది.

అత్త మాట్లాడకూడదు కనుక మాట్లాడలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుని మట్టిలోకి వంగిపోయింది. మిగతా ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. ఎవరో ట్యాబ్‌ను ఎట్టీ ఒళ్లోంచి లాగి అవతలికి విసిరారు. అది మట్టిలో పడి కూడా గాలిమర కథ చదువుతూనే ఉంది. నోరీన్ పరుగెత్తుకొచ్చి దాని నోరు నొక్కేదాకా ఆగలేదు.

ఆ సాయంత్రం అత్త తరఫు మనుషులు వచ్చి అడిగారు, ఇదెలా జరిగిందని. ఎవరో యంత్రాలంటే ఇంతేనన్నారు. ఇంకెవరో ఆ పట్నపు ముసలావిడ సరిగ్గా నేర్పి ఉండదన్నారు. నోరీన్ తల వంచుకుని విన్నది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ తప్పు యంత్రం మీదికీ, గ్వెన్‌డా మీదికీ పోతుంటే పోనిచ్చింది. చేసిన తప్పు కంటే ఈ ఊరుకోవడమే తర్వాత ఆమెను ఎక్కువ కాల్చింది.

పట్నానికి తిరిగొచ్చి మొదట చేసిన పని ఆ వాక్యం తీసేయడం. గబగబా ఉన్నదంతా కొట్టేసి, 'గాలిమర, పక్కన ఒక అమ్మాయి, ఒక మేక' అని రాసింది. ఇంకెక్కడైనా ఉందేమోనని తెర ఆర్పేసి, కళ్లు మూసుకుని, పుస్తకం మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఎక్కడా లేదు. ఉన్నది ఆ ఒక్కచోటే. గ్వెన్‌డాకి సంగతి చెప్పేసింది. గ్వెన్‌డా కంప్యూటర్ అంచున ఉన్న చీటీ వంక ఒకసారి చూసింది, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు వారాలు క్లేపాన్ వైపు వెళ్లలేదు. పెద్దమ్మకి నిజం చెప్పాలి. చెబితే ఆమె ఏమంటుంది? ఇక ఒళ్లో తల పెట్టుకోనిస్తుందా? అత్త వాళ్లకైతే తెగ న్యాయం ప్రకారం ఏదో ఒకటి చెల్లించి తల వంచొచ్చు. పెద్దమ్మకి ఏం చెల్లించాలి? నాలుగో వారం కూరకి కంగారూ తోకలు రెండు, చక్కెర, టీ ఆకు బండిలో వేసుకుని బయల్దేరింది. ముందు అత్త ఇంటికి వెళ్లి, తన చేత్తో రాసినదేనని అందరి ముందూ చెప్పింది. అత్త అంతా విన్నది. తర్వాత చేత్తో ఒక సైగ చేసింది, వెళ్లు అని. అది క్షమించి పంపడమో, పొమ్మనడమో నోరీన్‌కి ఈ రోజుకీ తెలియదు.

ఎట్టీ పందిరి కింద ఒక్కతే ఉంది. అడుగుల చప్పుడుకే పోల్చుకుంది. నోరీన్ దుప్పటి అంచున కూర్చుని, దాచకుండా చెప్పింది. యంత్రం కాదు, గ్వెన్‌డా కాదు, ఆ పేరు నేనే రాశాను, తీయడం నేనే మరిచిపోయాను పెద్దమ్మా అంది.

"నాకు తెలుసు. యంత్రానికి వాడెవరో ఏం తెలుసు? వాడు నాకు వినబడాలని ఎవరో మనసున్నవాళ్లే రాసి ఉంటారనుకున్నాను" అంది ఎట్టీ.

నోరీన్ ఏడ్చింది. ఎట్టీ ఏడవనిచ్చింది. తర్వాత, ఇప్పుడక్కడ ఏముందని అడిగింది. తీసేశాను, ఇక ఎప్పుడూ రాదు, ఒట్టు అని నోరీన్ అంటుంటే, ఏముందో వినిపించమంది. నోరీన్ సంచిలోంచి ట్యాబ్ తీసి, ధ్వని తగ్గించి, ఆ ఒక్క వాక్యం వినిపించింది. గాలిమర. పక్కన ఒక అమ్మాయి. ఒక మేక.

ఎట్టీ ఇంకా వస్తుందేమోనని ఆగింది. ఏమీ రాలేదు.

"మరి మేకను పట్టుకున్నదెవరు?"

నోరీన్‌కి అప్పుడు తెలిసింది తానేం చేసిందో. కళ్లున్నవాళ్లకి ఆ ఫోటోలో కుర్రాడు ఉన్నచోటే ఉన్నాడు. చూపులేని అక్కకి మాత్రం వాడు అందులో లేకుండా పోయాడు. అన్నిటికీ ఇదేమిటని అడిగి గుర్తు పెట్టిన మనిషి, భయంతో పేరుతోపాటు పిల్లాణ్ణి కూడా కొట్టేసింది. నల్ల సిరాతో కూడా ఆమె ఎన్నడూ అంతపని చేయలేదు.

"నేను కాదు పట్టుకున్నది. నాకు మేకలంటే భయం" అంది ఎట్టీ, నెమ్మదిగా.

"ఒక పిల్లాడు అని రాస్తాను పెద్దమ్మా. ఇప్పుడే రాస్తాను. పేరు లేకుండా రాయొచ్చు. నాకు ముందే తోచాల్సింది."

"రాయి. మిగతావాళ్ల కోసం రాయి." ఎట్టీ ట్యాబ్‌ను తడిమి, నోరీన్ చేతుల్లోకి తోసేసింది. "నాకొద్దు తల్లీ. ఆ రోజు వాడి పేరు వినబడగానే వాడొచ్చాడనుకున్నాను. కూర్చుంటాడని దుప్పటి మీద పక్కకి జరిగాను. అందరూ ఏడుస్తుంటే గానీ నాకు తెలియలేదు రాలేదని."

గాలి లేదు. నోరీన్ ఆ వాక్యాన్ని అక్కడే కూర్చుని సరిచేసింది. పెద్దమ్మ వినలేదు.